నోటికీ మైకుకూ మధ్య బెత్తెడు

హార్మోనియం వాయిస్తూ పాడేవాళ్ళ గొంతు గురించి అందరూ మాట్లాడతారు. మెడ గురించి ఎవరూ మాట్లాడరు.

ఇరవై ఏళ్ళుగా కడపలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ భజనల్లో, పద్యాల కార్యక్రమాల్లో పెట్టె ముందు కూర్చుంటున్నాను. కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి తిత్తి మీద. ముఖాన్ని మాత్రం ఎదురుగా నిలబెట్టిన మైకుకు అప్పగించాలి. స్థాయి మారేటప్పుడు మెట్ల వైపు ఒక్క చూపు చూసుకోవాలనిపిస్తుంది. తాళం కాస్త పరుగెత్తుతోందని తబలా ఆయనకు కళ్ళతో చెప్పాలనిపిస్తుంది. తల తిప్పితే పాట పోతుంది. అందుకని బిగుసుకుని కూర్చుంటాము. మూడు గంటల భజన ముగించి లేచేసరికి భుజం దగ్గర మొదలైన నొప్పి చెవి వెనక దాకా పాకి ఉంటుంది. నా ఈడు హార్మోనియం వాళ్ళలో మెడనొప్పి ఎరగనివాళ్ళు నాకు తెలిసి ఇద్దరో ముగ్గురో.

పాట నిజంగానే పోయిన రోజు ఒకటి ఉంది. శ్రీరామనవమి పందిట్లో అన్నమయ్య కీర్తన పాడుతున్నాను. రెండో చరణంలో తబలా వైపు తిరిగాను, మెట్ల వైపు చూశాను, మళ్ళీ తిరిగాను. నా గొంతు నాకు వినిపిస్తూనే ఉంది కనుక అంతా సవ్యంగా ఉందనుకున్నాను. హారతి అయ్యాక ఒక పెద్దాయన ప్రసాదం చేతిలో పట్టుకునే వచ్చి, "స్వామీ, రెండో చరణం మాకు సగమే అందింది. చెవులు రిక్కించుకుని కూర్చున్నాము" అన్నాడు. కోపంగా అనలేదు, బాధగా అన్నాడు. కీర్తనలో పల్లవి అందరికీ నోటికి వచ్చే ఉంటుంది. అర్థం విప్పుకునేది చరణంలోనే. వినడానికి వచ్చిన మనిషికి అదే అందకపోతే నేను అక్కడ కూర్చుని చేసిందేమిటి?

ఆ నెలలోనే తలకు తగిలించుకునే హెడ్‌సెట్ మైకు కొన్నాను. రెండేళ్ళు వాడాను. ఇప్పుడు మళ్ళీ స్టాండు మైకు దగ్గరికే వచ్చాను. ఈమధ్య మా దగ్గర పెట్టె నేర్చుకుంటున్న కుర్రాళ్ళు వరసగా ఇదే అడుగుతున్నారు: "అన్నా, హెడ్‌సెట్ తీసుకోమంటారా, స్టాండు మైకే చాలంటారా?" ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నా తీర్పు మాత్రం ముందే చెబుతాను. ఒకచోట కూర్చుని వాయిస్తూ పాడేవాళ్ళకు స్టాండు మైకే తగినది. లేచి తిరుగుతూ, అడుగు వేస్తూ పాడేవాళ్ళకు హెడ్‌సెట్ తగినది. ఏది కొత్తది, ఏది ఖరీదైనది, ఏది వీడియోలో అందంగా కనిపిస్తుంది అన్నవి ఆ తరవాతి లెక్కలు.

హెడ్‌సెట్‌ను తక్కువ చేసి మాట్లాడను. మొదటిసారి పెట్టుకున్న సాయంత్రం బాగా గుర్తుంది. చెవుల వెనక నుంచి సన్నని తీగ, చెంప పక్కగా ముందుకు వచ్చిన మరో తీగ, దాని కొసన గోధుమగింజంత మైకు. తల ఎటు తిప్పినా గొంతు ఒకే తీరుగా వస్తోంది. మెట్ల వైపు చూశాను, తబలా ఆయన ముఖంలోకి చూశాను, కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చాను. ఎన్నో ఏళ్ళ తరవాత మెడ తేలికపడింది. ఇంకో మేలు కూడా ఉంది. మైకు నోటికి ఎదురుగా కాకుండా పెదవుల మూల ఉంటుంది కనుక ఊపిరి దెబ్బ దానికి తగలదు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని "ఫాలనేత్రుడు", "భవభయం" అని పలికి చూడండి, చేతికి గాలి తగులుతుంది. ఎదురుగా ఉన్న మైకులో ఆ గాలే దబ్బుమని పేలుతుంది. స్తోత్రాలు, పద్యాలు పాడేవాళ్ళకు ఒత్తక్షరాలు తప్పవు కదా, ఆ పేలుడు తప్పించుకోవడం చిన్న లాభమేమీ కాదు.

అసలు పాటగాళ్ళ తలకు మైకు ఎందుకు ఎక్కిందో తెలుసుకోవాలి. 1979లో ఇంగ్లండు గాయని కేట్ బుష్ తన కచేరీ యాత్రలో నాట్యం చేస్తూ పాడాలనుకుంది. మైకు చేత్తో పట్టుకుంటే చేతులు ఆడవు, స్టాండు ముందు నిలబడితే కాళ్ళు ఆడవు. ఆమె దగ్గర పనిచేసిన సౌండు ఇంజనీరు మార్టిన్ ఫిషర్ బట్టలు తగిలించే హ్యాంగరు తీగను వంచి, కొసన చిన్న మైకు అమర్చి, ఆమె తలకు పెట్టాడు. పాటకచేరీల్లో తలమైకు వాడకానికి తొలి ఉదాహరణల్లో అదొకటి. ఆమెకు ఆ అవసరం నాట్యం వల్ల వచ్చింది. నేను బాసింపట్టు వేసుకుని కూర్చునేవాణ్ణి. నా కాళ్ళు ఎక్కడికీ పోవు. నా మెడకు వచ్చిన ఇబ్బందికి నాట్యం చేసేవాళ్ళ మందు వాడాను. ఆ సంగతి తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మా నాయన పద్యనాటకాలకు లెగ్ హార్మోనియం వాయించేవాడు. అప్పటి మైకుసెట్టు ఎలాంటిదో చూసినవాళ్ళకు తెలుసు. రెండు హారన్లు, ఒక యాంప్లిఫయరు, వేదిక ముందు ఒకటో రెండో మైకులు. ఆ ఒక్క మైకుతోనే నటుడు గుసగుసలాడేవాడు, గద్దించేవాడు, పద్యం చివర రాగం తీసి ఊరి చివర పొలాల దాకా పంపేవాడు. అంత తేడా ఎలా తెచ్చేవాడు? తలతో తెచ్చేవాడు. నాయన నాకు నేర్పిన మొదటి మైకు పాఠం కూడా అదే: "వేడుకునేటప్పుడు ముందుకు, పిలిచేటప్పుడు వెనక్కి." మంద్రంలో మాట చెబుతున్నప్పుడు మైకుకు బెత్తెడు దూరంలో ఉండాలి. తారస్థాయిలో రాగం ఎత్తుకుంటున్నప్పుడు జానెడు వెనక్కి జరగాలి. ఊపిరితో పాటు మెడ, మెడతో పాటు గొంతు. ఇది మైకును తప్పించుకోవడం అనుకునేరు. పాటలో ఇదీ ఒక భాగమే.

ఇందులో లెక్క కూడా ఉంది. ధ్వని హెచ్చుతగ్గులను డెసిబెల్‌లలో కొలుస్తారు. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే మైకుకు అందే ధ్వని సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. 5 సెంటీమీటర్ల నుంచి 10కి జరిగితే ఒక 6, 10 నుంచి 20కి జరిగితే మరో 6. అంటే పాడేవాడు తలను 15 సెంటీమీటర్లు వెనక్కి తీసుకుంటే చాలు, 12 డెసిబెల్‌లు తగ్గించుకున్నట్టే. మిక్సరు దగ్గర కూర్చున్న మనిషి ఎంత చురుకైనవాడైనా నేను రాగం ఎత్తుకోబోతున్న క్షణం నాకు తెలిసినంత ముందుగా అతనికి తెలియదు. ఇంకొక గుణం కూడా ఉంది. ఒక దిక్కుకే చెవి ఒగ్గే మైకులు నోరు దగ్గరికి వచ్చేకొద్దీ కింది స్వరాలను నిండుగా, బరువుగా చూపిస్తాయి. మంద్రస్థాయిలో లాలి పాడేటప్పుడు నాలుగు వేళ్ళు దగ్గరికి జరిగితే గొంతులో ఒక వెచ్చదనం వచ్చి చేరుతుంది. కాస్త వెనక్కి జరిగితే అది పోయి మాట తేటపడుతుంది. మంచి పాటగాళ్ళు ఈ రెంటి మధ్యా మసలుతూ ఉంటారు.

హెడ్‌సెట్ పెట్టుకోగానే ఈ దూరమంతా మాయమైంది. మైకు నా పెదవి మూలకు రెండు మూడు సెంటీమీటర్లలో అంటుకుపోయింది. నేను ముందుకు వంగితే అదీ వంగుతుంది, వెనక్కి జరిగితే అదీ జరుగుతుంది. గుసగుసా కేకా రెండూ ఒకే దూరం నుంచి అందులో పడతాయి. తారస్థాయిలో పద్యం ముగించినప్పుడల్లా స్పీకరులో గొంతు చిట్లింది. చిట్లకుండా మిక్సరులో తగ్గిస్తే మంద్రం వినిపించదు. పెద్ద కచేరీల్లో దీనికి, హెచ్చిన ధ్వనిని దానంతటదే తగ్గించే కంప్రెసర్ ఉంటుంది, దాన్ని సరిగ్గా సర్దే మనిషి ఉంటాడు, సాయంత్రమంతా పరీక్ష చేసుకునే తీరిక ఉంటుంది. మా ఊళ్ళ కార్యక్రమాలు అలా జరగవు. సౌండు అబ్బాయే వ్యాను నడుపుకుంటూ వస్తాడు, వైర్లు పరుస్తాడు, జనరేటరు చూసుకుంటాడు, భోజనాల దగ్గర అనౌన్సుమెంటుకు ఇంకో మైకు అడిగితే పరుగెత్తి ఇచ్చి వస్తాడు. అతనిలో లోపమేమీ లేదు, నలుగురి పని ఒక్కడు చేస్తున్నాడు. కానీ అలాంటి చోట నా పాటలో హెచ్చుతగ్గులను అతని చేతికి అప్పగించి కూర్చోవడం నాకు న్యాయంగా కనిపించలేదు.

ఇక్కడ ఒక ఎదురుమాట ఉంది. శాస్త్రీయంగా నేర్చినవాళ్ళు కొందరు, "గొంతును గొంతుతోనే అదుపు చెయ్యాలి, తల ఊపి కాదు" అంటారు. ఆ మాట నేను గౌరవిస్తాను. అలా పాడగలవాళ్ళకు హెడ్‌సెట్ వల్ల ఇంత నష్టం ఉండదు. కానీ పద్యం వేరు. పద్యంలో పిలుపు పిలుపులాగే ఉండాలి. గొంతు దాచుకుని పిలిస్తే అది పద్యం కాదు. భజనలో కూడా పల్లవి పదిమందిని లేపాలి. మా ప్రాంతపు పాట చాలావరకు ఆరుబయట పెరిగిన పాట. 1885లో మా కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాల వాళ్ళను తలచుకోండి. ఆ తొలి తరం నటులు మైకు అన్నదే లేని రోజుల్లో చివరి వరసకు పద్యం వినిపించారు. ఆ కంఠబలాన్ని చిన్నబుచ్చే మైకు నాకు వద్దు.

దూరం పోవడం ఒక్కటే అయితే ఏదోలా సర్దుకునేవాణ్ణేమో. నన్ను హెడ్‌సెట్ నుంచి నిజంగా దూరం చేసింది వేరొక రాత్రి.

మాతో తబలా వాయించే ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నా పెట్టెకు ఆయన చేతే ఆధారం. ఆ రోజు ఆయనకు ఒంట్లో బాగోలేదు, మధ్యాహ్నం నుంచి జ్వరం. అయినా వచ్చాడు. కీర్తన మధ్యలో లయ పెరుగుతూ పోయింది. స్టాండు మైకు రోజుల్లో అయితే తల పక్కకు తిప్పి ఒక మాట అనేవాణ్ణి, అది మా ఇద్దరి మధ్యే ఉండేది. ఆ అలవాటు కొద్దీ పక్కకు తిరిగి, "అన్నా, పరుగెత్తుతోంది, కాస్త ఆపు" అన్నాను. అది ఎనిమిది స్పీకర్లలో, గుడి ముందున్న జనమందరికీ వినిపించింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆయన తల ఎత్తలేదు. కుడి తబలా మీద ఆయన వేళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి. ఆ తరవాత గంటన్నర వాయించాడు, ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నలభై ఏళ్ళుగా తబలా వాయిస్తున్న మనిషిని నేను ఊరందరి ముందూ తప్పుపట్టినట్టయింది. మరునాడు ఇంటికి వెళ్ళి క్షమించమన్నాను. "నీ తప్పేముందిలే" అన్నాడు కానీ, ఆ కళ్ళలో నొప్పి నేను చూశాను.

హెడ్‌సెట్‌తో పాటు నడుముకు కట్టుకునే వైర్లెస్ డబ్బాలో, మైకును ఆపే మ్యూట్ బొత్తాం ఉంటుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంటుంది. నొక్కడానికి చెయ్యి ఏది? ఒక చెయ్యి మెట్ల మీద, ఒక చెయ్యి తిత్తి మీద. తిత్తి ఆగితే శ్రుతి ఆగుతుంది. కాలితో నొక్కే బొత్తాలు కూడా వచ్చాయి, కానీ బాసింపట్టులో కూర్చున్నవాడికి కాళ్ళూ ఖాళీగా లేవు. దగ్గు వస్తే, గొంతు సవరించుకోవాలంటే, గుక్కెడు నీళ్ళు తాగాలంటే అన్నీ జనానికి వినిపించాల్సిందే. స్టాండు మైకు ముందు కూర్చున్నవాడికి బొత్తాం అక్కర్లేదు. తల పక్కకు తిప్పుకుంటే చాలు.

ఇక మిగిలినవి చిన్న బాధలే అయినా లెక్కలోకి వస్తాయి. హెడ్‌సెట్లలో అన్ని దిక్కులా వినే రకం ఒకటి, ఒకవైపు ఎక్కువగా వినే రకం ఒకటి ఉంటాయి. మొదట నేను అన్ని దిక్కులా వినే దాన్ని కొన్నాను. కొంచెం అటూ ఇటూ జరిగినా గొంతు మారదు, అది దాని మంచితనం. కానీ నా నోటికి మూరెడు కిందే పెట్టె ఉంది. పెట్టె, తబలా, తాళాలు, వెనక స్పీకరు అన్నీ అందులోకి వచ్చి పడ్డాయి. గొంతు పెంచమంటే పెట్టె కూడా పెరిగేది, ఇంకొంచెం పెంచితే స్పీకరు శబ్దమే మళ్ళీ మైకులో పడి కూత మొదలయ్యేది. ఆరు నెలలకు ఒకవైపు వినే రకానికి మారాను. దానికి ఇంకో చిక్కు. ఒక్క వేలెడు జరిగినా గొంతు పలచబడిపోతుంది. ముక్కుపుటం ముందుకు వచ్చిందంటే ప్రతి ఊపిరీ ఈదురుగాలిలా వినిపిస్తుంది.

పైగా మా ఎండలు. కడపలో కార్యక్రమాల కాలమంటే ఎండాకాలమే. చైత్రంలో శ్రీరామనవమి, ఒంటిమిట్ట బ్రహ్మోత్సవాలు, వైశాఖంలో బ్రహ్మంగారిమఠం ఆరాధన. రాత్రి పదింటికి కూడా చెమట ఆగదు. చెంప మీద నుంచి జారిన చెమట ఆ సన్నని తీగ వెంటే నడిచి మైకు నోట్లోకి దిగుతుంది. ఈ చిన్న మైకులు దాదాపు అన్నీ కండెన్సర్ రకం, తేమ చేరితే గొంతు ముసుగు కప్పుకున్నట్టు మొద్దుబారుతుంది. కార్యక్రమం కాగానే తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పాటు డబ్బాలో పెట్టడం నేర్చుకున్నాను. అయినా ఒకటి పాడైంది. దానికి ఎదురుగా మామూలు డైనమిక్ మైకు ఉంది చూడండి, 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 లాంటిది, దానికి బ్యాటరీ అక్కర్లేదు, మిక్సరు నుంచి పంపే ఫాంటమ్ కరెంటు అక్కర్లేదు, చెమటకు చలించదు. మా సౌండు అబ్బాయిల దగ్గర జాలీ సొట్టలు పడిన మైకులు ఉన్నాయి, ఇంకా నిక్షేపంగా పలుకుతున్నాయి. బజారులో దానికి నకిలీలు కూడా చాలా ఉన్నాయి, కొనేటప్పుడు నమ్మకమైన చోట కొనాలి. వైర్లెస్ గురించి ఒక్క మాట. చవక రకాలు చాలావరకు వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ దారిలోనే నడుస్తాయి. జనం ఫోన్లు, హాట్‌స్పాట్లు నిండిన చోట అవి తెగితెగి పలికితే ఆశ్చర్యం లేదు.

అయితే మెడ సంగతి ఏమిటి? ఈ వ్యాసం అక్కడే కదా మొదలైంది. దీనికి జవాబు స్టాండును నిలబెట్టే తీరులో ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. నేను ఇరవై ఏళ్ళలో పద్దెనిమిదేళ్ళు మైకును తప్పుగా పెట్టించుకున్నాను. అందరూ పెట్టించుకునేదీ అలాగే. పొడవాటి స్టాండు పెట్టెకు అవతల నిలబడుతుంది, మైకు ముక్కుకు ఎదురుగానో నుదుటికి ఎదురుగానో వచ్చి, కాస్త కిందికి వాలి ఉంటుంది. అలా పెడితే రెండు నష్టాలు. మెట్ల వైపు చూడగానే నోరు మైకు కిందికి జారిపోతుంది, పాట పోతుంది. కిందికి వాలిన మైకు ముఖం సరిగ్గా పెట్టె వైపే చూస్తూ ఉంటుంది, పెట్టెను గొంతుకంటే శ్రద్ధగా వింటుంది.

దాన్ని తలకిందులు చేశాను. అడ్డకడ్డీ ఉన్న పొట్టి బూమ్ స్టాండు తీసుకున్నాను. దాని కాళ్ళు పెట్టెకు కుడిపక్క, కొంచెం ముందుగా ఉండాలి. ఎడమపక్క పెడితే తిత్తి కొట్టే మోచెయ్యి తగులుతుంది. కడ్డీని పెట్టె మీదుగా తక్కువ ఎత్తులో తెచ్చి, మైకు తల గడ్డం కన్నా కాస్త దిగువ నుంచి నోటి వైపు పైకి చూసేలా వంచాలి. దూరం బెత్తెడు. ఇప్పుడు చూడండి. మెట్ల వైపు తల వంచితే నోరు మైకుకు దూరం కాదు, ఇంకాస్త దగ్గరవుతుంది. ఇలాంటి మైకులు తమ తోక వైపు నుంచి వచ్చే శబ్దాన్ని అన్నింటికంటే తక్కువగా వింటాయి. పైకి చూస్తున్న మైకు తోక కింద పెట్టె వైపూ, పాడేవాళ్ళకు తమ గొంతు వినిపించడానికి ముందు పెట్టే మానిటరు స్పీకరు వైపూ ఉంటుంది. పెట్టె చొరబాటు తగ్గింది, కూత తగ్గింది, గొంతును ఇంకొంచెం పెంచుకునే వీలు దొరికింది. ఊపిరి దెబ్బ కూడా చాలావరకు మైకు తల మీదుగా పోతుంది. తబలా ఎటు ఉంటే మైకును అటు రెండు వేళ్ళు జరిపిస్తాను, అటు తిరిగి పాడినా చరణం పోదు. తల పూర్తిగా పక్కకు తిప్పుకుంటే మాత్రం నా మాట మైకుకు అందదు. ఆ వీలే నాకు కావలసింది.

ఇంకో చిన్న సంగతి. దుప్పటి నాలుగు మడతలు వేసి పెట్టె కింద పరిచాను. పెట్టె నాలుగు వేళ్ళు పైకి లేచింది, మెడ అంత వంచాల్సిన పని తప్పింది. పెట్టెకు వేరే మైకు పెట్టినప్పుడు దాన్ని నా మైకుకు దూరంగా, పెట్టెకు అవతలి వైపు పెట్టిస్తాను. ఒక మైకు తన వాద్యానికి ఎంత దూరంలో ఉందో దానికి కనీసం మూడింతలు దూరంలో రెండో మైకు ఉండాలన్నది సౌండు పనిలో పాత సూత్రం. అది పాటిస్తే గొంతు డొల్లగా వినిపించే జబ్బు చాలావరకు పోతుంది. నొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. కార్యక్రమం అయ్యాక వేడినీళ్ళ కాపడం పెట్టుకునే రోజులు మాత్రం బాగా తగ్గాయి.

ఇదంతా నేను కొత్తగా కనిపెట్టినదీ కాదు. కడప పెద్ద దర్గాలో ఉరుసు రాత్రుల్లో కవ్వాలీ విన్నవాళ్ళు ఒకసారి గుర్తు చేసుకోండి. అసలు పాటగాడి ముందు పెట్టె, దాని మీదుగా తక్కువ ఎత్తులో వాలి వచ్చిన మైకు. ఆయన వంత పాడేవాళ్ళ వైపు తిరుగుతాడు, చెయ్యెత్తి శ్రోతలను పిలుస్తాడు, పై స్వరం ఎత్తుకునే ముందు తల వెనక్కి తీసుకుంటాడు, చివరి మాటను మైకు దగ్గరికి వచ్చి చెవిలో చెప్పినట్టు వదులుతాడు. అలా విన్న ఒక రాత్రి నేను పాట కన్నా ఆయన తల కదలికనే ఎక్కువ చూశాను. మా నాయన చెప్పిన పాఠం అక్కడ ఉర్దూలో కనిపించింది.

మైకు ముఖానికి అడ్డం వస్తుందని, ఫోనులో లైవు పెట్టేటప్పుడు బాగుండదని అనేవాళ్ళకు కూడా ఇదే జవాబు. కింది నుంచి వచ్చే మైకు పెదవులను కూడా కప్పదు. భజన బృందమంతా తలా ఒక హెడ్‌సెట్ కొనుక్కుంటామనే వాళ్ళకు మాత్రం గట్టిగా వద్దని చెబుతాను. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూత రాకుండా పెంచుకోగల ధ్వని సుమారు 3 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఒక్క మైకు ఉన్న చోట నాలుగు తెరిస్తే 6 పోయినట్టే. వంత పాడే ముగ్గురూ ఒక స్టాండు మైకు చుట్టూ దగ్గరగా కూర్చుంటే గొంతులు గాలిలోనే కలుస్తాయి. ఆ కలయిక మిక్సరులో రాదు.

మరి హెడ్‌సెట్ ఎవరికి? బుర్రకథ చెప్పే కథకుడు భుజాన తంబుర, వేలికి అందెలతో ముందుకు రెండడుగులు, వెనక్కి రెండడుగులు వేస్తూనే ఉంటాడు. మూడు స్టాండు మైకులు వరసగా పెట్టి ఆ అడుగును ఆపేయడం కథను కట్టేయడమే. హరికథ దాసుగారు చిడతలు పట్టుకుని, గజ్జె కట్టుకుని, ఒక్కరే పదిమంది పాత్రలై తిరగాలి. వీళ్ళకు హెడ్‌సెట్ ఇవ్వాలి, దాన్ని సరిచూసే మనిషినీ ఇవ్వాలి. పద్యనాటకం దగ్గర నాకు ఇంకా తేలలేదు. నటుడు సంభాషణ మధ్యలో ఆపి మైకు దగ్గరికి నడిచి వచ్చి పద్యం ఎత్తుకోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. కానీ కిరీటం, గడ్డం, రంగు, చెమట, వీటి మధ్య హెడ్‌సెట్ ఎక్కడ నిలుస్తుంది? పైగా పద్యం చివరి రాగానికి జానెడు దూరం కావాలి. నాకు తెలిసిన ఒక బృందం వేదిక అంచున రెండు మైకులు, ఇద్దరు ముఖ్యపాత్రలకు హెడ్‌సెట్లు పెట్టి, పద్యం రాగానే హెడ్‌సెట్ తగ్గించి అంచు మైకు పెంచుతోంది. బాగానే ఉంది. కానీ మిక్సరు దగ్గర కూర్చునేవాడికి నాటకం అంతా కంఠతా వచ్చి ఉండాలి.

నా హెడ్‌సెట్ ఇప్పుడు ఒక చెక్కభజన గురువు దగ్గర ఉంది. మా వైపు చెక్కభజన చూసినవాళ్ళకు తెలుసు. ఇరవై మంది గజ్జెలు కట్టి, చేతుల్లో చెక్కలతో గుండ్రంగా అడుగు వేస్తుంటే, గురువు మధ్యలో తిరుగుతూ చరణం అందిస్తాడు. వాళ్ళ ఊళ్ళో అంతకుముందు ఒక పిల్లవాడు మైకు పట్టుకుని గురువు నోటి వెంట పరుగెత్తేవాడు. వైరు ఆడేవాళ్ళ కాళ్ళలో చిక్కుకునేది, పిల్లవాడు వెనకబడితే చరణం సగంలో తెగేది. చెక్కల మోత మధ్య అన్ని దిక్కులా వినే మైకు పనికిరాదు కనుక, నా దగ్గరున్న ఒకవైపు వినే రకమే ఇచ్చాను. తీగ జారకుండా చెంప మీద చిన్న ప్లాస్టరు ముక్క అంటించడం, చెమట దిగకుండా తలపాగా అంచు కిందికి లాగడం చూపించాను.

ఈ నవమికి వాళ్ళ ఊరు వెళ్ళాను. గురువు రెండు చేతులా చెక్కలు పట్టుకుని, వంగి, లేచి, గిర్రున తిరిగి చరణం అందిస్తుంటే ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు. మైకు పట్టుకుని పరుగెత్తిన పిల్లవాడు ఇప్పుడు వరసలో నిలబడి ఆడుతున్నాడు. నడిమి విరామంలో గురువు చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నడుము దగ్గరి డబ్బా తిప్పి చూపించి, "బ్యాటరీ మార్చమంటారా స్వామీ?" అని అడిగాడు. అందులో ఇంకా సగం పైనే ఉన్నట్టు చూపిస్తోంది. ఇప్పుడే మార్చమన్నాను.